ట్రైడెంట్: బ్రిటన్ కొత్త అణు జలాంతర్గాములు నాలుగూ కట్టాలా? (లోతునీరు, గట్టుమీద, ఇనుపతెర అనే పేర్లతో ముగ్గురి చర్చ)

లోతునీరు:
2016 జులై 18న బ్రిటన్ పార్లమెంటు 472–117 ఓట్లతో ట్రైడెంట్, అంటే జలాంతర్గాముల నుంచి ప్రయోగించే అణు క్షిపణుల వ్యవస్థ, పునరుద్ధరణకు ఆమోదం తెలిపింది. వాన్‌గార్డ్ తరగతి జలాంతర్గాములు నాలుగింటి చోట డ్రెడ్‌నాట్ తరగతివి నాలుగు వస్తాయి. అంచనా 3,100 కోట్ల పౌండ్లు, ఖర్చు పెరిగితే వాడే అదనపు నిధి మరో 1,000 కోట్లు. స్కాట్లాండ్ అధికార పక్షం ఎస్ఎన్‌పీ అసలు వద్దంటోంది, ఇంకొందరు మూడు చాలంటున్నారు. నా ఉద్దేశంలో నాలుగూ కట్టాల్సిందే.

1969 ఏప్రిల్ నుంచి అణు క్షిపణులున్న బ్రిటన్ జలాంతర్గామి ఒకటి ఎప్పుడూ సముద్రంలోనే ఉంటోంది. ఒకటి గస్తీలో ఉంటే ఇంకొకటి ఏళ్ళ తరబడి సాగే పెద్ద మరమ్మతులో ఉంటుంది. మిగతా రెండూ చిన్న మరమ్మతులకూ, సిబ్బంది శిక్షణకూ కావాలి. మూడే ఉంటే ఒకదానికి ఏం జరిగినా గస్తీ తెగిపోతుంది. గస్తీ తెగిన రోజు పడవలన్నీ రేవుల్లోనే కట్టేసి ఉంటాయి, శత్రువు దెబ్బకు సులువుగా దొరుకుతాయి.

గట్టుమీద:
నాలుగున్నా ఆ లెక్క నిలబడలేదు కదండీ. ఆ తరగతిలో మొదటి పడవ వాన్‌గార్డ్‌నే చూడండి. 2015 చివర ఇంగ్లాండ్‌లోని డెవన్‌పోర్ట్ నౌకాస్థావరంలో డాక్‌లోకి (పడవను నిలిపి మరమ్మతు చేసే తొట్టిలోకి) వెళ్ళింది, నాలుగేళ్ళయినా పట్టదనుకున్న పని, బయటికొచ్చేసరికి 2023. దాని వెనక వరసలో ఉన్న అదే తరగతి పడవ విక్టోరియస్ ఆగిపోయింది. ఒకప్పుడు మూడు నెలల్లోపు ముగిసే గస్తీలు ఇప్పుడు ఐదారు నెలలు సాగుతున్నాయి. అన్నాళ్ళు పైకి రాకపోతే తిండి తరుగుతుంది, చిన్న చిన్న లోపాలు పేరుకుంటాయి, తిరిగొచ్చాక మరమ్మతు ఇంకా పొడవవుతుంది, దాంతో తర్వాతి గస్తీ కూడా సాగుతుంది. ఇలాంటి గొలుసును కొత్త పడవ కొన్నంత మాత్రాన తెంపలేం.

లోతునీరు:
ఆ ఆలస్యంలో కొంత ముసలితనానిదే. వాన్‌గార్డ్‌ను 25 ఏళ్ళకని కట్టారు, అది 1993 నుంచి పనిలో ఉంది. 2012లో స్కాట్లాండ్ ఉత్తర తీరాన వల్కన్ పరీక్షా రియాక్టర్‌లో శీతలీకరణ నీటిలో కొద్దిగా రేడియోధార్మికత కనిపించింది. ఇంధనపు తొడుగులో సూక్ష్మమైన చీలిక. అదే రకం రియాక్టర్ కాబట్టి, జాగ్రత్తగా ఉండాలని వాన్‌గార్డ్‌లో ఇంధనం మార్చారు. ఆ పనికే 12 కోట్ల పౌండ్లు అన్నారు. డ్రెడ్‌నాట్‌లో పెట్టే కొత్త రియాక్టర్ పీడబ్ల్యూఆర్-3లో భాగాలు తక్కువ, మరమ్మతులూ తగ్గుతాయని అంచనా. క్షిపణి గొట్టాలు కూడా 16కు బదులు 12.

ఇనుపతెర:
ఇద్దరూ డాక్ సంగతి వదిలేస్తున్నారు. వాన్‌గార్డ్ తరగతి పెద్ద మరమ్మతు మొత్తం డెవన్‌పోర్ట్‌లో ఒకే ఒక్క డాక్‌లో, 9వ నంబరులో జరుగుతూ వచ్చింది. అందులో ఒకటి చిక్కుకుంటే మిగతావన్నీ చిక్కుకున్నట్టే. అది విడిచి పడవల సంఖ్య మీద కొట్లాడితే లాభం లేదు.

ఇంకా ఉంది. అణుశక్తితో నడిచిన బ్రిటన్ మొట్టమొదటి జలాంతర్గామి పేరూ డ్రెడ్‌నాట్‌నే. 1980లో దాన్ని పక్కన పెట్టారు, దశాబ్దాలుగా స్కాట్లాండ్‌లోని రోసిత్ రేవులో తేలుతూ ఉంది. 2019 నాటికి రిటైరైనవి 20, వాటిలో 9 పడవల్లో రియాక్టర్ ఇంధనం అలాగే ఉంది. ఇంధనం తీసే వసతి కొత్త భద్రతా ప్రమాణాలకు సరిపోక 2004లో ఆ పని ఆగింది. కొత్తవాటికి సంతకం పెట్టేముందు ఈ పాతవాటిని విప్పే డబ్బు పక్కన పెట్టాలి.

గట్టుమీద:
ఆ డబ్బు ఎక్కణ్ణుంచి? వార్‌హెడ్‌కే (క్షిపణి కొసన ఉండే అణుబాంబుకే) ఈ పార్లమెంటు కాలంలో 1,500 కోట్ల పౌండ్లని 2025 రక్షణ సమీక్షలో చెప్పారు. పైగా 2021లో వార్‌హెడ్ల పరిమితిని 260కి పెంచారు. అంతకుముందు 180కి తగ్గిస్తామన్నది బ్రిటన్ ప్రభుత్వమే. నిరాయుధీకరణకు చిత్తశుద్ధితో చర్చలు జరుపుతామని అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఆరో అధికరణం కింద ఒప్పుకున్న దేశం ఇది. క్షిపణులేమో అమెరికాతో ఉమ్మడి నిల్వ నుంచి, అక్కడి జార్జియా రాష్ట్రంలోని కింగ్స్ బే నౌకాస్థావరం నుంచి తెచ్చుకుంటారు. 2016లోనూ 2024లోనూ బ్రిటన్ చేసిన ఆ క్షిపణుల పరీక్షలు విఫలమయ్యాయి.

లోతునీరు:
ప్రయోగించే నిర్ణయం బ్రిటన్ ప్రధానిదే, దానికి వాషింగ్టన్ అనుమతి అక్కర్లేదు. సరఫరాకు మాత్రం అమెరికా మీద ఆధారపడాల్సిందే, కాదనను. ట్రైడెంట్ వదిలి క్రూయిజ్ క్షిపణులకు (విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరేవాటికి) మారదామంటే వాటికి కొత్త వార్‌హెడ్ కావాలి, దానికి ఇరవై ఏళ్ళ పైనే పడుతుందని 2013 ప్రభుత్వ సమీక్షే తేల్చింది. అప్పటిదాకా వాన్‌గార్డ్‌లు పనికి నిలవవు.

ఇనుపతెర:
అలాగైతే నాలుగో పడవకు డబ్బు విడుదల చేసే ముందు రెండో మరమ్మతు డాక్ పని మొదలై ఉండాలని షరతు పెట్టండి.  అది ఆలస్యమైతే 2030ల్లో కొత్త పడవలు వచ్చాక కూడా మళ్ళీ ఆరు నెలల గస్తీలే చేయిస్తారు.