నవల పుట్టించిన సీనే నవలలో ఇమడట్లేదు. తీసేయాలా?

సగంరాత:
నవల రాయడం ఇదే మొదటిసారి. పదకొండు అధ్యాయాలయ్యాయి, చేత్తో రాసినవి 190 పేజీల దాకా వచ్చాయి.

ఇదంతా మొదలైంది నాలుగేళ్ల కిందట చూసిన ఒక దృశ్యం వల్ల. ఒకావిడ పాత పుస్తకాలు ఎవరికో ఇచ్చేయడానికి కట్టలు కడుతోంది. కట్టేముందు ఒక్కోదాని మొదటి పేజీ తెరిచి, అక్కడ రాసున్న పేరుని రబ్బరుతో చెరుపుతోంది. రాసింది బాల్‌పెన్నుతో, చెరగదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా రుద్దుతోంది. కాగితం పలచబడి పొరలు లేస్తోంది. ఒక పుస్తకంలోనైతే చిల్లే పడింది. రాలిన పొడిని మాత్రం కింద పడనీయకుండా అరచేతిలోకి ఊడ్చుకుంటోంది.

ఆ పేరు ఎవరిదని నేను అడగలేదు. అడగకపోవడం వల్లే రాయడం మొదలుపెట్టానేమో.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే, రాస్తూ రాస్తూ కథ ఆవిడ తమ్ముడి చేతుల్లోకి వెళ్లిపోయింది. చదివిన ఇద్దరూ అతనే బాగున్నాడన్నారు. రబ్బరు సీనుని మొదటి అధ్యాయంలో పెట్టి చూశాను, నాలుగులో పెట్టాను, తొమ్మిదిలో పెట్టాను. ఎక్కడ పెట్టినా కథ ఆగిపోయి, 'చూడండి, చూడండి' అంటున్నట్టు ఉంది. తీసేద్దామంటే చెయ్యి రావట్లేదు. అది లేకపోతే నవలే లేదు కదా!

ఇంకో చిన్న సందేహం. మీరంతా రోజూ రాస్తారా, వచ్చినప్పుడు రాస్తారా?

పాతచిత్తు:
రెండు నవలలు అచ్చయ్యాయి, ఒకటి అట్టపెట్టెలో ఉంది. ఆ అర్హతతో చెబుతున్నాను: తీసేయండి.

నా రెండో నవల ఒక చెప్పు వల్ల పుట్టింది. లిఫ్టులో ఎవరిదో ఎడమకాలి చెప్పు ఒక్కటే పడుంది. రెండు రోజులు అది పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. ఎక్కిన ప్రతివాళ్లూ దాన్ని తొక్కకుండా ఒద్దికగా పక్కకి నిలబడ్డారు, తీసినవాళ్లు మాత్రం లేరు. అంతే, నాకు నిద్ర పట్టలేదు. నాలుగు పేజీలు రాసి మొదట్లో పెట్టుకున్నాను. మూడు డ్రాఫ్టులు మారినా ఆ నాలుగు పేజీల జోలికి పోలేదు. పైగా ప్రతిసారీ వాటికి మెరుగు పెడుతూ వచ్చాను. మిగతా నవల చింపిరిగా ఉండేది, అవి మాత్రం తళతళలాడేవి.

ఎడిటరు పెన్సిలుతో పక్కన ఒక్క ముక్క రాశారు: 'ఇది కథకి కావాలా, మీకు కావాలా?' వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ తర్వాత పంతానికి, ఆ పేజీలు తీసేసిన ప్రతిని అంతవరకూ చదవని ఒక స్నేహితుడికి ఇచ్చాను. 'ఏదో లోటుంది' అంటాడని ఆశ. అతనికి మొదట్లో ఏ లోటూ కనబడలేదు. ఆరో అధ్యాయం సాగదీశానని మాత్రం తిట్టాడు.

చెప్పు పోయింది. కానీ దాన్ని తొక్కకుండా పక్కకి జరిగే మనుషులు పోలేదు. నవల నిండా వాళ్లే ఉన్నారు. కళ్ల ముందున్న తగాదాని చూడనట్టు నడిచే కుటుంబం అది. అప్పుడర్థమైంది, నన్ను పట్టుకున్నది చెప్పు కాదు, ఆ జరగడం.

మీ విషయంలోనూ రబ్బరునీ పేరునీ కాసేపు పక్కన పెట్టండి. ఆ పొడిని అరచేతిలోకి ఊడ్చుకోవడం ఉంది చూశారూ, నాకైతే అసలు మనిషి అక్కడ కనిపించింది. గుండె పగులుతున్నా గచ్చు మాయకూడదు! ఆ గుణం మీ తమ్ముడి పాత్రలోకి ఇప్పటికే దిగిందేమో ఓసారి చూసుకోండి.

తీసేయడమంటే చింపేయడం కాదు. నేను 'తీసేసినవి' అని ఒక ఫైలు పెట్టుకుంటాను. దాన్ని మళ్లీ తెరిచింది చాలా తక్కువ, కానీ అది ఉందన్న ధైర్యంతోనే కత్తెర కదులుతుంది. తిరగరాయడానికి భయపడకండి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం వేరు, గురజాడ 1909లో మళ్లీ వేసింది వేరు. అది దాదాపు కొత్త నాటకం. అచ్చయిపోయినదాన్నే ఆయన అంత కదిలించాడు, మనది ఇంకా చిత్తే కదా.

రోజూ రాసే సంగతి: నేను రోజూ కూర్చుంటాను. రాస్తానని మాత్రం చెప్పను.

పావుగంట:
రోజువారీ రాత గురించి ఒక ముక్క. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పోస్టల్ శాఖలో ఉద్యోగం చేస్తూనే పొద్దున్నే లేచి రాసేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటలు రావాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. 1883లో వచ్చిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. నేనూ ఒక నెల ప్రయత్నించాను. మాటలు వచ్చాయి, అన్నీ గడియారం వైపే చూస్తూ వచ్చాయి. ఇప్పుడు గడియారం తీసేసి పావుగంట మాత్రం ఉంచుకున్నాను. పని ఒత్తిడి ఉన్న రోజున కూడా పావుగంట దొరుకుతుంది. మీ సీను విషయంలో నాకు అభిప్రాయం లేదు, చదవకుండా చెప్పడం సరికాదు.

కామా:
పాతచిత్తు గారితో సగమే ఏకీభవిస్తాను. పుట్టించిన విషయాన్ని తీసెయ్యాలన్న రూలేమీ లేదండీ. అమెరికన్ రచయిత్రి టోనీ మోరిసన్ నవల 'బిలవిడ్' (1987)కి మూలం మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ గురించి మోరిసన్ చదివిన పాత పత్రికా కథనం. మళ్లీ బానిసత్వంలోకి పోనీయకూడదని గార్నర్ కన్నకూతుర్నే చంపుకుంది, 1856 నాటి ఘటన అది. మోరిసన్ దాన్ని నవల నడిమధ్యే ఉంచింది. కాకపోతే గార్నర్ జీవితం గురించి కావాలనే ఎక్కువ తవ్వలేదు, పాత్రని తానే కల్పించుకోవాలనుకుంది. అంటే ఘటన ఉంది, చూపు మారింది.

మీరు ఆ సీనుని మూడు చోట్ల పెట్టానంటున్నారు. మూడుసార్లూ చూస్తున్నది ఎవరు? మీరే. నాలుగేళ్ల కిందట గుమ్మంలో నిలబడి చూసిన మనిషే ఇంకా చూస్తున్నాడు. అందుకే 'చూడండి, చూడండి' అని వినబడుతోంది. కథ తమ్ముడిదైతే చూడాల్సింది అతను. అక్క చెరుపుతున్నప్పుడు అతను అక్కడ లేడనుకోండి. ఎన్నాళ్లకో ఆ పుస్తకాల్లో ఒకటి ఎక్కడో అతని చేతికి దొరుకుతుంది. మొదటి పేజీలో, పేరుండాల్సిన చోట చిల్లు.

ఇంకేమీ రాయకండి. రబ్బరు అనే మాట కూడా వద్దు.

పాతచిత్తు:
కామా గారూ, ఒప్పుకుంటున్నాను. నా చెప్పు విషయంలో ఈ మాట చెప్పేవాళ్లు దొరకలేదు. కొంచెం కుళ్లుగానే ఉంది.

సగంరాత:
మూడు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. రాస్తూ ఉండిపోయాను.

నాలుగు పేజీల సీను ఏడో అధ్యాయంలో తొమ్మిది వాక్యాలయింది. తమ్ముడు పుస్తకం తెరుస్తాడు, చిల్లు చూస్తాడు. అక్కడితో ఆపేద్దామనుకున్నాను. రాస్తుంటే ఇంకోటి తట్టింది. బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాస్తే కింది పేజీలో కూడా గాడి పడుతుంది కదా. అక్క మొదటి పేజీనే చూసింది. వీడు రెండో పేజీ మీద వేలితో తడుముతున్నాడు.

మొదటి అక్షరం 'సూ'. మిగతావి నాకూ ఇంకా తెలీదు.