పసుపు నది ఊరికంటే ఎత్తులో పారుతుందా? చూసినవాళ్లు చెప్పండి

మ్యాప్‌పిచ్చి: చైనాలో కైఫెంగ్ దగ్గర పసుపు నది, అంటే హువాంగ్ హె, ఊరి నేలకంటే ఎత్తులో పారుతుందని చదివాను. నది పల్లంలో కదా ఉండాలి? అటు వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

జెంగ్‌జౌమెడికో: నిజమేనండీ. నేను ఎంబీబీఎస్ జెంగ్‌జౌలో చేశాను, కైఫెంగ్ పక్కనే. ఊరివైపు నుంచి కరకట్ట ఎక్కాం, ఆయాసం వచ్చింది, తీరా అటువైపు దిగబోతే ఎక్కినంత దిగక్కర్లేదు! కారణం మట్టి. గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న సన్నటి పసుపు మట్టి పీఠభూమిని కోసుకుంటూ వస్తుంది నది, జెంగ్‌జౌ దాటాక మైదానంలో వాలు తగ్గి నీటి వేగం పడిపోతుంది, ఆ మట్టంతా అడుగున మేట వేస్తుంది. అడుగు లేచినకొద్దీ జనం కట్ట పెంచుతూ పోయారు, వందల ఏళ్లుగా ఇదే పని.

లాన్‌జౌనుంచి: ఎగువన మాత్రం అలా ఉండదు. చింఘై రాష్ట్రంలో గుయిదె అనే ఊరి దగ్గర నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే ఇది పసుపు నదేనా అని నేను ఇద్దరిని అడిగాను. అదే నది హుకౌ జలపాతం దగ్గర చూడండి, చిక్కటి బురద ఉడుకుతున్నట్టే ఉంటుంది. మొత్తం 5,464 కిలోమీటర్లు.

పాతచరిత్ర: అంత ఎత్తులో ఉన్న నదికి గండి పడితే మళ్లీ పాత దారికి రావడం చాలా కష్టం. 1855కి ముందు తూర్పు తీరంలోని షాన్‌డాంగ్‌ రాష్ట్రానికి దక్షిణంగా పోయి సముద్రంలో కలిసేది, ఆ ఏడు కట్ట తెగి ఉత్తరాన బోహాయ్ సముద్రానికి మళ్లింది. 1938 జూన్‌లో జపాన్ సైన్యాన్ని ఆపాలని అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై షేక్ ప్రభుత్వమే జెంగ్‌జౌ పక్కన హువాయువాన్‌కౌ దగ్గర కట్టకు గండి కొట్టించింది. చనిపోయిన సొంత రైతులు లక్షల్లో ఉన్నారు, దాన్ని యుద్ధతంత్రం అని రాసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఆ గండి పూడ్చింది 1947లో.

మ్యాప్‌పిచ్చి: అమ్మో. మరి ఇప్పుడు కూడా భయమేనా?

జెంగ్‌జౌమెడికో: 1997లో అసలు కింది భాగంలో 226 రోజులు నది సముద్రం దాకా చేరనేలేదు, పైన అంత నీరు తోడేశారు. తర్వాత షియావోలాంగ్‌డి డ్యామ్ వచ్చింది, 2002 నుంచి గేట్లెత్తి ఒక్కసారిగా నీళ్లు వదిలి పూడికను సముద్రానికి తోస్తున్నారు, కింద నది అడుగు కొంత దిగింది కూడా. హువాయువాన్‌కౌలో గండి కొట్టిన చోట ఇప్పుడు శిలాఫలకం ఉంది. వెళ్తే జూన్ చివర్లో, జులైలో వెళ్లండి, ఆ గేట్లెత్తేది ఎక్కువగా అప్పుడే.