తోతాపురి మామిడి ధరను పడేస్తున్నది ఫ్యాక్టరీల కుమ్మక్కా, పంట దిగుబడా?

కాణిపాకం_కాయ
సూటిగా అడుగుతా. 2025 సీజన్లో తోతాపురి ధర కూలిపోతే, కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామని ప్రభుత్వం చెప్పింది. గుజ్జు ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది. జూన్‌లో కర్ణాటక కాయ చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆపారు కూడా. అయినా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎనిమిది కట్టడం లేదన్న ఫిర్యాదులు ఆగలేదు. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు పదుల సంఖ్యలో ఉన్నాయి. కొనేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు ఒకరి మీద ఒకరు పోటీపడి రేటు పెంచాలి కదా? పొద్దున ఒక గేటులో ఏ రేటో, పక్క గేటులోనూ అదే. దీన్ని కుమ్మక్కు అనక ఇంకేమంటారు? ‘పంట ఎక్కువైంది’ అనే పాత పాట వద్దు, లెక్కతో చెప్పండి.

మండీ_మాటలు
పాత పాటే అయినా వినక తప్పదన్నా. మదనపల్లె టమాటా చూడు. అక్కడ ఫ్యాక్టరీల పెత్తనం లేదు, బహిరంగ వేలం, బయటి రాష్ట్రాల వ్యాపారులూ వచ్చి పాడతారు. సంపూర్ణ పోటీకి మన దగ్గర అంతకంటే దగ్గరి మార్కెట్ దొరకదు. 2023 జూలైలో కిలో వంద దాటింది. అదే టమాటా కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన సీజన్లూ మనకు తెలుసు. అక్కడ ఎవరు కుమ్మక్కయ్యారు? ధర కూలింది కాబట్టి కుట్ర జరిగిందనడం కుదరదు.

ఉపాంతం
మండీ గారి మాట సగం వరకు నిజం. టమాటా రైతు నారు నాటిన రెండు, రెండున్నర నెలలకే కోతకొస్తాడు. ధర పడితే వచ్చే విడత వేయడు, సరుకు తగ్గుతుంది, ధర లేస్తుంది. మామిడి అలా కాదు. పదేళ్ల చెట్టును ఈ ఏడాది రేటు చూసి తగ్గించలేం. జూన్ నాటికి కాయ చెట్టు మీదుంది, అంతే. కోత కూలి, ట్రాక్టర్ బాడుగ కలిపి కిలోకు 2 రూపాయలు అనుకుందాం. రేటు ఆ రెండుకు పైన ఎంతున్నా కాయ కోస్తారు. అంటే రెండు దాటాక సరఫరాకు వ్యాకోచత్వం (రేటును బట్టి సరుకు పెరిగే, తగ్గే గుణం) దాదాపు సున్నా. అమ్మేవాడు ఇలా ఇరుక్కున్న చోట కొనేవాళ్ల సంఖ్య చాలా తేడా తెస్తుంది.

ఇప్పుడు కొనేవాడి లెక్క. ఒక ఫ్యాక్టరీ రోజుకు 100 టన్నులు 8 రూపాయలకు కొంటోంది. పక్క ఊరి తోటల నుంచి ఇంకో 10 టన్నులు లాగాలంటే 9 ఇవ్వాలి. కానీ కొత్త పది టన్నులకే తొమ్మిదిచ్చి పాతవాళ్లకు ఎనిమిదే ఇస్తానంటే గేటు దగ్గర గొడవే. అందరికీ తొమ్మిదే ఇవ్వాలి. ముందు ఖర్చు 8 లక్షలు, ఇప్పుడు 9 లక్షల 90 వేలు. పది టన్నుల కోసం లక్షా 90 వేలు అదనం, అంటే కిలోకు 19 రూపాయలు! రేటు ఒక్క రూపాయే పెరిగినట్టు కనిపిస్తుంది గానీ ఫ్యాక్టరీకి ఆ అదనపు కాయ పంతొమ్మిది పడింది. అందుకే ఏ ఫ్యాక్టరీ కూడా ముందుగా రేటు పెంచదు. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. కొనేవాడి గుత్తాధిపత్యం ఇలాగే పనిచేస్తుంది. కొనేవాడు ఒక్కడు కాక కొద్దిమంది ఉంటే దీని పదును తగ్గుతుంది తప్ప పోదు.

డ్రమ్ము_215
పుస్తకంలో ఆ అదనపు పది టన్నులకు చోటుంటుంది సార్. ఫ్యాక్టరీలో ఉండదు. గంటకు 10 టన్నుల లైను, కడుగుడుకు పోను రోజుకు 20 గంటలు నడిస్తే 200 టన్నులు. కాయ పచ్చిగా వస్తుంది, ఎథిలీన్ పెట్టి మాగబెట్టాలి. కార్బైడ్ నిషేధం, ఎథిలీన్ కూడా 100 పీపీఎం దాటకూడదు. మాగడానికి నాలుగు రోజులు వేసుకోండి. అంటే ఏ క్షణాన చూసినా లోపల 800 టన్నుల కాయ క్రేట్లలో ఉండాలి. ఇరవై కిలోల క్రేటు చొప్పున 40 వేల క్రేట్లు, వాటికి తగ్గ నేల, గాలి. అసలు ఇరుకు గుజ్జు తీసే యంత్రం దగ్గర కాదు, ఇక్కడ, మాగబెట్టే ఛాంబర్లలో. ఛాంబర్లు నిండిన రోజున ఇంకో టన్ను కాయ ఊరికే ఇచ్చినా ఫ్యాక్టరీకి బరువే, ఎందుకంటే మాగిన కాయ ఒక పూట ఆగితే పులుస్తుంది. పంట అంతా ఐదారు వారాల్లో మీద పడితే జరిగేది ఇదే. గేటు బయట ట్రాక్టర్ల బారు ఛాంబర్లు నిండాయనడానికి గుర్తు. అది కుమ్మక్కుకు సాక్ష్యం కాదు.

ఇంకొకటి. మేం రేటు పెట్టేవాళ్లమని అందరూ అనుకుంటారు. మా గుజ్జు కొనేది ఎవరు? దేశంలో పెద్ద మామిడి డ్రింకుల బ్రాండ్లు మూడు: మాజా, ఫ్రూటీ, స్లైస్. మిగతాది ఎగుమతి. రైతు ముందు మేం కొద్దిమందిమి, వాళ్ల ముందు మేం చాలామందిమి. పోయిన ఏడాది గుజ్జు డ్రమ్ములు గోడౌన్‌లో మిగిలుంటే వాళ్లే రేటు చెబుతారు. అసెప్టిక్ డ్రమ్ము (సూక్ష్మజీవులు చేరకుండా మూసింది) ఏడాదిన్నర, రెండేళ్లు నిలవుంటుంది కాబట్టి ఈ ఏటి కాయ రేటు నిరుటి సరుకు మీద కూడా ఆధారపడుతుంది. నిలవ ఊరికే ఉండదు. టన్ను గుజ్జు మీద 30 వేలు ఇరుక్కుంటే, బ్యాంకు వడ్డీ 11 శాతం చొప్పున ఏడాదికి 3,300. టన్ను గుజ్జుకు రెండు టన్నుల కాయ లెక్కేస్తే కిలో కాయ మీద రూపాయి 65 పైసలు వడ్డీకే పోయినట్టు.

కాణిపాకం_కాయ
వడ్డీ లెక్క మీకే కాదు, రైతుకూ ఉంది. ఎనిమిదన్నారు. గేటు దగ్గర మచ్చ ఉందనో, పండు ఈగ పడిందనో 5 శాతం తరుగు తీస్తే 40 పైసలు పాయె. మిగిలిన 7.60 నాలుగు నెలల తర్వాత చేతికొస్తుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ, నాలుగు నెలలకు ఎనిమిది. ఇంకో 61 పైసలు పాయె. బోర్డు మీద ఎనిమిది, చేతికి ఏడు కూడా నిలవదు. రేట్లు ఒకటేనా కాదా అని బోర్డు చూసి వాదించుకుంటే ఏం లాభం? అందరి తరుగూ ఒకటేనా, అందరూ అన్నేసి రోజులకే డబ్బు కడుతున్నారా, అది చూడాలి.

ఉపాంతం
కాణిపాకం గారి ఈ మాటను తేలిగ్గా దాటేయకండి. బోర్డు రేటు ఒకటే ఉండి, ఒక ఫ్యాక్టరీ వారంలో డబ్బు కట్టి, ఇంకొకటి నాలుగు నెలలు ఆపితే అక్కడ పోటీ బతికే ఉంది, దాక్కుని ఉందంతే. తరుగు, గడువు కూడా అన్ని చోట్లా ఒకేలా ఉంటే అప్పుడు అనుమానించాలి.

డ్రమ్ము గారి మూడు బ్రాండ్ల మాటకు ఒక లెక్క. 600 మి.లీ. సీసాలో 15 శాతం గుజ్జు అనుకుందాం (పండ్ల పానీయానికి చట్టం అడిగే కనీసం 10 శాతమే). 90 గ్రాముల గుజ్జు, అంటే 180 గ్రాముల కాయ. కిలో 8 చొప్పున రూపాయి 44 పైసలు. కాయ రేటు రెట్టింపై 16 అయినా సీసాకు 2 రూపాయల 88 పైసలే. చక్కెర, సీసా, లారీ, ప్రకటనలు, దుకాణదారు లాభం ముందు ఇది ఎంత? కాబట్టి కాయ చవకైనంత మాత్రాన వాళ్లు ఎక్కువ సీసాలు అమ్మరు, ఖరీదైనంత మాత్రాన తగ్గించరు. గిరాకీ కదలదు, సరఫరా కదలదు. గ్రాఫులో రెండూ దాదాపు నిట్టనిలువు గీతలే అయినప్పుడు పంట పది శాతం పెరిగితే ధర పది శాతంతో ఆగదు, కుప్పకూలుతుంది. ఆ అగాధంలో రేటు ఎక్కడ నిలబడాలో బేరం తేలుస్తుంది. బేరంలో ఓడేది ట్రాక్టర్ మీద కాయ పెట్టుకుని ఎండలో నిలబడినవాడు.

సెక్షన్_మూడు
చట్టం సంగతి చెబుతా, ఎందుకంటే ‘కుమ్మక్కు’ అన్న మాట ఇక్కడ చాలా తేలిగ్గా వాడుతున్నారు. 2002 నాటి పోటీ చట్టం సెక్షన్ 3(3) అమ్మకం ధరే కాదు, కొనుగోలు ధరను కూడబలుక్కుని నిర్ణయించినా వర్తిస్తుంది. ఒప్పందం ఉందని తేలితే చాలు, నష్టం జరిగిందని చట్టమే ముందుగా అనుకుంటుంది. జరిమానా కూడా చిన్నది కాదు: కార్టెల్ (కుమ్మక్కైన కంపెనీల గుంపు) నడిచిన ప్రతి ఏటికీ లాభానికి మూడు రెట్ల దాకా, లేదా టర్నోవర్‌లో 10 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది.

చిక్కంతా ఒప్పందం ఉందని నిరూపించడంలో. వంటగ్యాస్ సిలిండర్లు తయారుచేసే కంపెనీలు టెండర్లలో దాదాపు ఒకే ధరలు వేశాయని పోటీ కమిషన్ జరిమానా వేసింది. 2018లో రాజస్థాన్ సిలిండర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొనేవి మూడే ప్రభుత్వ చమురు కంపెనీలు, ఏ ధర నడుస్తోందో అందరికీ తెలుసు, అలాంటి మార్కెట్లో ధరలు ఒకేలా ఉండటం ఒక్కటే కుమ్మక్కును రుజువు చేయదన్నది సారాంశం. అక్కడ అమ్మేవాళ్ల ధరలు ఒకటయ్యాయి, ఇక్కడ కొనేవాళ్లవి. తర్కం మాత్రం అదే. పొద్దున్నే రెండు గేట్ల బోర్డులు ఫొటో తీసి పంపితే కేసు నిలవదు. మెసేజీలు, మీటింగు మినిట్స్, లేదా లోపలివాడు అప్రూవర్‌గా మారడం (సెక్షన్ 46 కింద జరిమానా తగ్గుతుంది), ఇలాంటి సాక్ష్యం ఏదైనా తోడవ్వాలి.

లడ్డూ_కౌంటర్
గుత్తాధిపత్యం మాటొచ్చింది కాబట్టి: తిరుమల లడ్డూకు పోటీ లేదు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, అయినా 50 రూపాయలే. గుత్తాధిపతి అయితే ధర పెంచేస్తాడన్న సూత్రం అక్కడ ఏమైంది మరి?

ఉపాంతం
లాభం గరిష్ఠం చేసుకోవాలనుకునే సంస్థకే ఆ సూత్రం. దేవస్థానం లక్ష్యం అది కాదు. ధరతో ఆపని గిరాకీని లైనుతో, మనిషికిన్ని అన్న లెక్కతో ఆపుతారు. నిజానికి మన సంగతికీ ఇది పనికొస్తుంది. ధరను ఒకచోట బిగించేస్తే సరుకును పంచేది లైనే. ఎనిమిది అని బిగించగానే ఫ్యాక్టరీలో కాయ దించే వంతుకు ఇచ్చే టోకెన్ ఎవరిదన్న పోటీ మొదలైంది చూశారుగా.

మండీ_మాటలు
టోకెన్ ఎవరికి ముందు దొరికిందో అడక్కండి. ర్యాంపులో (వ్యాపారులు కాయ కొనే చోట) రైతు కాయను తక్కువకు కొని, తన టోకెన్ మీద ఫ్యాక్టరీకి తోలే దళారీకి ఆ బిగించిన రేటే పండగ.

కాణిపాకం_కాయ
సరే, రాతపూర్వక సాక్ష్యం దొరకదు. అంకెల్లో కనిపెట్టే దారి లేదా?

ఉపాంతం
ఉంది. ఆ నాలుగు రూపాయల సబ్సిడీయే మంచి పరీక్ష. కొనేవాళ్ల మధ్య నిజంగా పోటీ ఉంటే కాయ రేటు గుజ్జుకు దొరికే ధరను బట్టి, ఛాంబర్లలో చోటును బట్టి తేలుతుంది. రైతు ఖాతాలో ప్రభుత్వం నాలుగు వేసిందా లేదా అన్నదానితో ఆ రేటుకు పనిలేదు, నాలుగూ రైతుకే మిగులుతాయి. బేరం కొనేవాడి చేతిలో ఉంటే కథ వేరు. రైతు ఎంతకు ఒప్పుకుంటాడన్నదే అప్పుడు రేటు. మామూలుగా రెండుకు దిగువన కోయడు. నాలుగు విడిగా వస్తుందంటే ఫ్యాక్టరీ సున్నా ఇచ్చినా కోస్తాడు. కాబట్టి సబ్సిడీ ప్రకటించిన రోజుకు ముందు, తర్వాత గేటు చెల్లింపులు పక్కపక్కన పెట్టండి, అదే వారాల్లో ఈ సబ్సిడీ లేని తమిళనాడు క్రిష్ణగిరి ఫ్యాక్టరీల రేటు కూడా పెట్టండి. ఇక్కడ మాత్రమే పడితే ఆ తేడా ఛాంబర్ల ఇరుకు వల్ల వచ్చింది కాదు.

రెండో పరీక్ష పంట తక్కువైన ఏడాది. ఛాంబర్లు ఖాళీగా ఉన్నప్పుడు ‘చోటు లేదు’ అన్న మాట చెల్లదు. ఆ ఏడాది కూడా డ్రమ్ము ధరకూ కాయ ధరకూ మధ్య తేడా అలాగే ఉబ్బి ఉంటే కాణిపాకం గారి అనుమానానికి బలముంది. పంట విరగకాసిన ఏడాదిని పట్టుకుని కుమ్మక్కు వెతకడం దండగ, అప్పుడు అది లేకపోయినా ధర కూలుతుంది.

డ్రమ్ము_215
ఇవన్నీ తేలాలంటే ప్రతి ఫ్యాక్టరీ రోజువారీ కొనుగోలు రేటు ఆన్‌లైన్‌లో పెట్టమనండి. మాకేం అభ్యంతరం లేదు.

సెక్షన్_మూడు
మీకు అభ్యంతరం ఎందుకుంటుంది! 1993లో డెన్మార్క్ పోటీ సంస్థ ఇదే చేసింది. రెడీమిక్స్ కాంక్రీటు కంపెనీలు వాస్తవంగా వసూలు చేస్తున్న ధరలు బయటపెడితే కొనేవాళ్లకు మేలని పేర్లతో సహా ప్రచురించింది. ఏడాది తిరిగేలోపు ధరలు 15 నుంచి 20 శాతం పెరిగాయి. కారణం, చాటుగా రాయితీ ఇస్తున్నదెవరో పక్కవాడికి తెలిసిపోయింది. అంచనా వేయాల్సిన పనిలేకుండా ఒకరినొకరు కాపలా కాసుకున్నారు. కలెక్టరేట్‌లో యజమానులందరినీ కూర్చోబెట్టి ఒక అంకె ప్రకటించడంలోనూ ఇదే ప్రమాదం. నేల అనుకుని పెట్టిన ఎనిమిది, పంట తక్కువైన ఏడాది పైకప్పు అవుతుంది. అంకెలు మార్కెట్ కమిటీకి ఇవ్వనివ్వండి, సీజన్ ముగిశాక, ఆలస్యంగా బయటపెట్టండి.

మండీ_మాటలు
కమిటీకి ఇచ్చేది బోర్డు రేటా, తరుగు పోను కట్టిన డబ్బా? కాటా చీటీ, బ్యాంకు జమ తేదీ రెండూ కలిపి ఇవ్వకపోతే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

డ్రమ్ము_215
దానికంటే మార్చిలోనే ఒప్పందం రాసుకోవడం మేలు. పిందె నిలిచాక దిగుబడి అంచనా దొరుకుతుంది. కిలోకు ఇంత కనీసం, డ్రమ్ము ధర పెరిగితే ఇంత అదనం అని సూత్రం రాసుకుంటే ఛాంబర్ కూడా ఆ రైతు పేరుతో బుక్ అవుతుంది, ట్రాక్టర్ ఫలానా తేదీకే బయలుదేరుతుంది.

కాణిపాకం_కాయ
రేటు పెరిగిన ఏడాది రైతు కాయను పక్కదారి పట్టిస్తాడని మీ భయం, తెలుసు. రేటు పడిన ఏడాది మీరు ‘బ్రిక్స్ 14 లేదు, కాయ ముదరలేదు’ అని ట్రాక్టర్ వెనక్కి తిప్పుతారని మా భయం. బ్రిక్స్ (తీపి కొలత) చూసేది మాగిన కాయ రసంలో, అంటే కాయ మీ ఛాంబర్‌లో దిగిన నాలుగు రోజుల తర్వాత. అప్పటికి దాన్ని వెనక్కి తెచ్చుకుని యాడ అమ్మాల? ఒప్పందం రాస్తే ముందు రెండు వాక్యాలు రాయండి: గేటు దగ్గర ముదురు చూసి ఒప్పుకున్న కాయను తర్వాత తిప్పకూడదు, ఆ చూసేవాడు ఫ్యాక్టరీ జీతగాడు కాకూడదు.

డ్రమ్ము_215
మొదటి వాక్యానికి మా వాళ్లు ఒప్పుకోవచ్చు. రెండోదానికి అతని జీతం ఎవరిస్తారో చెప్పండి.

మండీ_మాటలు
టన్నుకు పదేసి రూపాయలు ఇద్దరి దగ్గరా కోస్తే వస్తుంది. మీ 200 టన్నుల లైనుకు రోజుకు నాలుగు వేలు. పగలు ఒకడు, రాత్రి ఒకడు.