స్త్రీపుంసయోగోద్భవాం: ఇక్కడ ‘యోగం’ అంటే ఏమిటి?

(విజయవాడ, గుంటూరు మిత్రుల మాటలివి. ఎవరి మాట ముందు వాళ్ళ పేట పేరుంది.)

లబ్బీపేట: నన్నయ భారతంలో మొదటి శ్లోకం ఉంది కదా, అందులో రెండో పాదం బుర్రలో తిరుగుతోంది. “లోకానాం స్థితిమావహన్త్యవిహతాం...” తర్వాత స్త్రీపురుషయోగమా, స్త్రీపుంసయోగమా? రెండు వానలు పడి ఎండలు నెమ్మదించాయి కదా, సాయంత్రాలు మేడ మీద కూర్చుని మా అమ్మాయి, నేను సుప్రీంకోర్టు ఇచ్చిన సుప్రియో తీర్పు చదువుతున్నాం. లా చివరి ఏడాది తనది. స్వలింగ వివాహం గురించి అయిదుగురు జడ్జీలు రాసింది చదువుతుంటే ఈ పాదం గుర్తొచ్చింది. లోకం నిలబడేది ఆడా మగా కలిస్తేనే అని నన్నయ తేల్చేసినట్టేనా?

బ్రాడీపేట: పుంస. సందేహమే లేదు. శార్దూల వృత్తంలో ‘అవిహతాం’ తర్వాత రెండు త గణాలు, ఒక గురువు రావాలి. స్త్రీపుంస, యోగోద్భ, వాం. ‘పురుష’ అన్నారంటే గురువు ఉండాల్సిన చోట లఘువు పడి గణం చెడుతుంది.

సత్యనారాయణపురం: గణం సరే మాస్టారూ, ఆ ‘స’ సంగతి చెప్పలేదు. పుంస్ శబ్దం హలంతం, హల్లుతో ముగిసేది. సమాసంలో అకారాంతం ఎలా అయింది? పాణిని ‘అచతురవిచతుర’ సూత్రంలో స్త్రీపుంస అని నిపాతించాడు, అంటే తయారైన రూపంగానే ఇచ్చాడు, అదీ ద్వంద్వ సమాసానికే. ద్వంద్వం కనక ఇద్దరూ సమానం. నా దృష్టిలో ఈ శ్లోకానికి ప్రాణం ఆ ‘స’లోనే ఉంది.

పటమట: ఇద్దరూ సమానమే, కానీ ఇద్దరూ వేరు వేరు జాతులు కావాలిగా. పైగా ‘ఉద్భవ’ అన్నాడు. ఉద్భవమంటే పుట్టుక. సంతానం లేనిదే లోకస్థితి ఏది?

బ్రాడీపేట: ‘ఉద్భవాం’ స్థితికి విశేషణం బాబూ. పుట్టింది స్థితి, పిల్లలు కారు. ‘వక్షోముఖాంగేషు’ మళ్ళీ చదవండి. విష్ణువు రొమ్మున లక్ష్మి, బ్రహ్మ ముఖాన వాణి, శివుడి సగం దేహాన గిరిజ. ‘దధతః’ అంటే ధరించినవాళ్ళు. ఒకరినొకరు మొయ్యడమే ఇక్కడ యోగం. కనడం అనే మాట శ్లోకం మొత్తంలో లేదు.

గవర్నరుపేట: నేను వకీలుని, వ్యాకరణం జోలికి రాను. తీర్పు గురించి మాత్రం ఒక మాట. 2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాన్ని ఒప్పుకోని మెజారిటీ నిలబడింది సంతానం మీద కాదు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోని మాటల మీద. నాలుగో సెక్షన్లో పురుషుడికి 21 ఏళ్ళు, స్త్రీకి 18 అని ఉంది. 36, 37 సెక్షన్లలో భరణం భార్యకే. భార్య, భర్త తీసేసి ‘జీవిత భాగస్వామి’ అని చదువుకుంటూ పోతే ఆడవాళ్ళకున్న రక్షణే పలచబడొచ్చని జస్టిస్ భట్ రాశారు. పెళ్ళి రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్న దాంట్లో అయిదుగురూ ఒకటే. పెళ్ళి పేరు లేకపోయినా ఆ జంటల బంధాన్ని రాజ్యం గుర్తించాలా అన్న చోట 3–2గా చీలారు. గుర్తించాలన్న ఆ ఇద్దరి మాటే నాకు న్యాయంగా అనిపిస్తుంది. ఆసుపత్రిలో సంతకం పెట్టేవాళ్ళెవరు, బ్యాంకులో నామినీ ఎవరు అన్నవి రోజూ ఎదురయ్యే సంగతులు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు.

అరండల్‌పేట: నన్నయ దగ్గరే ఆగిపోయారు, తిక్కన దగ్గరికి రండి. ‘గుంటూరి విభుని మంత్రి భాస్కరు మత్పితామహుని’ అని చెప్పుకున్నవాడు, మా ఊరి మనవడు. నన్నయకి ముగ్గురు పురుషులు, ముగ్గురు స్త్రీలు కావలసి వచ్చారు. తిక్కన హరినీ హరుణ్ణీ ఒకే దేహంలో కలిపి ‘హరిహరంబగు రూపముఁ దాల్చి’ అన్నాడు. ఇద్దరు పురుషుల యోగం! నన్నయ శ్లోకానికి ఆయన జవాబు అదేనని నా నమ్మకం.

సత్యనారాయణపురం: గుంటూరు అభిమానం మంచిదేనండీ, కానీ ఆ పద్యాన్ని మొదటి నుంచీ చదవాలి. ‘శ్రీయన గౌరి నాఁ బరఁగు చెల్వకుఁ జిత్తము పల్లవింప’ అని మొదలవుతుంది. ఆ ఇద్దరూ ఒకటైంది ఆమె మనసు చిగురించడం కోసం. చెల్వ అంటే అందగత్తె, ఆమెని పక్కన పెడితే ఆ రూపమే లేదు.

అరండల్‌పేట: చెల్వకీ రెండు పేర్లేగా! శ్రీ అన్నా ఆమే, గౌరి అన్నా ఆమే. ఇద్దరు స్త్రీలు కూడా ఒకటయ్యారు. ‘పల్లవింప’ అన్న మాట చూడండి, ఎంత లేతగా ఉందో. శివుడు గొప్పా, విష్ణువు గొప్పా అన్న గొడవని ఒక్క చిగురుతో సర్దేశాడు. ఈ ఉత్పలమాల ఒక్కటి చాలు నాకు.

లబ్బీపేట: తిక్కన మీద ఇంకో రోజు కూర్చుందాం. మా అమ్మాయి అడుగుతోంది: భార్యాభర్తలు, ఆలుమగలు అన్న జంటమాటల్లో ఆడా మగా విడివిడిగా కనిపిస్తారు. ‘దంపతులు’లో ఎవరెవరున్నారు?

సత్యనారాయణపురం: అమరకోశం, మన పాత సంస్కృత నిఘంటువు, చెప్పనే చెప్పిందమ్మా, ‘దంపతీ జంపతీ జాయాపతీ భార్యాపతీ చ తౌ’. భార్య అని అర్థమున్న జాయ అన్న మాట స్థానంలోనే దం, జం అని ఆదేశాలు వస్తాయి. అంటే ‘దం’ భార్యే.

బ్రాడీపేట: అది తర్వాతి వైయాకరణుల సర్దుబాటు. ‘దమ్’ అంటే ఇల్లు. ఋగ్వేదంలో అగ్నిని ఏకవచనంలో దంపతి అన్నారు, అక్కడ భార్య ఎక్కడుంది? ఇంటికి పతి దంపతి. ద్వివచనంలో ఆ ఇంటికి ఇద్దరు యజమానులు, అంతే. ఆడా మగా అన్న షరతు ఆ మాటలో లేదు.

గవర్నరుపేట: మాస్టారూ, ఈ మాట హియరింగ్ అప్పుడే చెప్పి ఉంటే రాసుకునేవాణ్ణి.

సత్యనారాయణపురం: తొందరపడకండి లాయరుగారూ. ‘దం’ ఇల్లే అయితే, పక్కనున్న ‘జం’ మాటేమిటి? జంపతీలో జం ఏ ఇల్లో మాస్టారు చెప్పాలి.