స్కోప్ లెన్స్ పెడితే బొమ్మ పక్కకు జరుగుతోంది, ఎక్కడ సరిచేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో మిత్రులం కలిసి పాత 35 ఎంఎం ప్రొజెక్టర్ బాగుచేయించి, చిన్న హాల్లో పాత ప్రింట్లు వేసుకుంటున్నాం. 1.37 (వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లుండే) నలుపు తెలుపు సినిమాలకు ఏ ఇబ్బందీ లేదు, బొమ్మ తెర మధ్యలో నిక్కచ్చిగా పడుతోంది. స్కోప్ ప్రింటు (వెడల్పాటి బొమ్మను అడ్డంగా నొక్కి అచ్చేసిన ఫిల్ము) ఎక్కించి ముందు అనమార్ఫిక్ (ఆ బొమ్మను మళ్లీ అడ్డంగా సాగదీసే లెన్స్) తగిలించామా, గొడవ మొదలు. బొమ్మ మొత్తం ఎడమకు జరుగుతోంది. టైటిల్స్‌లో ఎడమవైపు అక్షరాలు స్పష్టంగా ఉంటే కుడివైపువి మసకేస్తున్నాయి. తలుపు చట్రాలు ఓరగా కనిపిస్తుంటే అనమార్ఫిక్‌ను కాస్త తిప్పి నిలువు చేశాం, అదొక్కటీ కుదిరింది.

రెండు రకాల ప్రింట్లలోనూ సౌండ్ ట్రాక్ ఒకే పక్కన ఉంటుంది, బొమ్మ మధ్యగీత కూడా దాదాపు ఒకటే. కాబట్టి తప్పు ఫిల్ముది కాదనే నా నమ్మకం. ప్రైమ్ లెన్స్ (ప్రొజెక్టర్ అసలు లెన్స్), అనమార్ఫిక్ ఒకే ఇరుసు మీద లేవా? లేక లెన్స్ హోల్డరే అరిగిందా? ఫ్లాట్‌లో, అంటే అనమార్ఫిక్ లేకుండా వేసే 1.37 ప్రింట్లలో, ఫోకస్ అంతటా సమంగా ఉంది కనుక గేటు (లెన్స్ వెనక ఫిల్మును పట్టి ఉంచే భాగం) మీద నాకు అనుమానం లేదు.

ఇంకోటి. ప్రొజెక్టర్ బూత్ ఎత్తులో ఉండటంతో బొమ్మ కింద వెడల్పు, పైన సన్నం. అపర్చర్ ప్లేటును (తెర మీద బొమ్మ అంచులను నిర్ణయించే కిటికీ ఉన్న రేకును) ఆకురాయితో అరగదీయడం లెన్స్ సంగతి తేలాకే కదా? విజయవాడ గాంధీనగర్ హాళ్లలో పనిచేసిన పాత ఆపరేటర్లు ఎవరైనా ఉంటే, ముందు దేన్ని కదపాలో చెప్పండి. బొమ్మ అమరికను సరిచూసే ఆర్‌పీ 40 టెస్ట్ ఫిల్ము ముక్క ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కరోజు అరువివ్వండి, నేనే వచ్చి తీసుకెళ్తా.