వచ్చే సర్వర్‌లో గోల్డ్ మీద హద్దు పెట్టుకుందామా? (ట్రావియన్)

లాకుల_కాపరి · రాత్రి 8.50

వచ్చే నెల కొత్త సర్వర్, మామూలు వేగం. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి పాతవాళ్ళం 22 మందిమి మళ్ళీ ఒకే అలయన్స్‌గా దిగుదామనుకున్నాం. దిగేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ట్రావియన్ అంటే ఊళ్ళు కట్టి, సైన్యం పెంచి, 2004 నుంచీ పైసా ఖర్చు లేకుండా బ్రౌజర్‌లో ఆడుకోగలిగే ఆట. కానీ గోల్డ్ (అసలు డబ్బు పెట్టి కొనే ఆట నాణేలు) కొన్నవాడి ఊరూ కొననివాడి ఊరూ రెండు వారాలకే పోల్చుకోలేనంత తేడా వచ్చేస్తున్నాయి.

నా ప్రతిపాదన ఇది. ప్లస్ (గోల్డ్‌తో వచ్చే అదనపు సౌకర్యాలు), 25 శాతం దిగుబడి పెంపు ఎవరైనా కొనుక్కోవచ్చు. 2 గోల్డ్‌తో కట్టడం వెంటనే పూర్తి చెయ్యడం, 3 గోల్డ్‌తో ఎన్‌పీసీ (ఆటే నడిపే) వ్యాపారి దగ్గర సరుకు మార్చుకోవడం, గోల్డ్ క్లబ్, ఈ మూడూ మన అలయన్స్‌లో వద్దు. 2 గోల్డ్‌కి ఏ కట్టడమైనా రెప్పపాటులో లేచిపోతుంటే రోజంతా కాచుకుని కట్టినవాడు ఏమైపోవాలండీ?

పంటు_రేవు · రాత్రి 9.04

ఏ కట్టడమైనా అవదండి. రెసిడెన్స్, ప్యాలెస్ 2 గోల్డ్‌కి అవవు. రూలు పెట్టేవాళ్ళు ముందు ఆ సంగతి తెలుసుకుని పెట్టాలి. రెండో ఊరు వెయ్యాలంటే రెసిడెన్స్ 10వ స్థాయికి రావాలి, ముగ్గురు సెటిలర్లు తయారవ్వాలి, ఊరు వేసేటప్పుడు నాలుగు సరుకులూ 750 చొప్పున ఉండాలి. ఆ రెసిడెన్స్ టైమర్ గోల్డ్ ఉన్నవాడికీ లేనివాడికీ ఒక్కలాగే నడుస్తుంది.

శివారు_భూమి · రాత్రి 9.21

టైమర్ ఒక్కటే, ఒప్పుకుంటాను. కానీ టైమర్ మొదలెట్టడానికి సరుకు కావాలి కదండీ. మొదటి ఊళ్ళో కలప, మట్టి, ఇనుము నాలుగేసి పొలాలు, క్రాప్ (గింజ) ఆరు. ఒకటి మిగిలిపోతుంది, ఇంకోటి చాలదు. గోల్డ్ ఉన్నవాడు మిగిలినదాన్ని ఒకటికి ఒకటి చొప్పున అక్కడికక్కడే మార్చేసుకుంటాడు. మేము మార్కెట్‌లో బేరం పెట్టి, ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా కూర్చుని, ఆ పైన బళ్ళు వచ్చేదాకా కూర్చోవాలి. అవసరం బాగా ముదిరితే ఒకటికి రెండు ఇచ్చి కొనుక్కోవాలి. ఆ రెసిడెన్స్ పదో స్థాయికి మీరు నాకంటే ముందు చేరేది టైమర్ వల్ల కాదు, ఎన్‌పీసీ వల్ల.

పూతరేకు_07 · రాత్రి 9.25

గోల్డ్ క్లబ్ లేకుండా 80 ఫార్మ్‌లకి (మనం దోచుకునే ఊళ్ళకి) దాడులు పంపి చూడండి, తెలుస్తుంది. ర్యాలీ పాయింట్ (సైన్యాన్ని పంపే చోటు) తెరవాలి, కోఆర్డినేట్లు కొట్టాలి, సైన్యం లెక్క వెయ్యాలి, పంపాలి, మళ్ళీ ఖాయం చెయ్యాలి. ఒక్కోదానికి 15 సెకన్లు వేసుకున్నా 20 నిమిషాలు. గోల్డ్ క్లబ్‌తో వచ్చే ఫార్మ్ లిస్ట్ ఉన్నవాడికి ఒక్క నొక్కు.

పంటు_రేవు · రాత్రి 9.40

శివారు గారూ, గోల్డ్ కొనకపోతే గోల్డే ఉండదన్నట్టు మాట్లాడుతున్నారు. హీరోని సాహసాలకి పంపండి, దొరికిన మందులూ బోనులూ వేలంలో అమ్మండి. 200 వెండికి 1 గోల్డ్ వస్తుంది. 600 వెండి ఉంటే ఒక ఎన్‌పీసీ. రూపాయి పెట్టకుండా వారానికి రెండు మూడు మార్పిళ్ళు చేసుకోవచ్చు. చేసుకోనివాళ్ళు చేసుకునేవాళ్ళ చేతులు కట్టెయ్యడం ఏం న్యాయం?

పైగా 2 గోల్డ్ మాట మళ్ళీ చెప్తున్నాను, రెసిడెన్స్, ప్యాలెస్ అవవు. పైన పోస్టులో అది దిద్దండి.

గొల్లవాడి_గట్టు · రాత్రి 9.43

2025లో వచ్చిన చట్టంతో డబ్బులు పెట్టే ఆటలన్నీ ఆపేశారు కదండీ? ఇది కొనొచ్చా అసలు?

లాకుల_కాపరి · రాత్రి 9.50

గొల్లవాడి గారూ, ఆ చట్టం ఆపింది డబ్బు పెట్టి తిరిగి డబ్బు గెలుద్దామనుకునే ఆటల్ని. మన ఆంధ్రలో రమ్మీ, పోకర్ లాంటివి ఆన్‌లైన్‌లో 2020లోనే నిషేధించారు. ట్రావియన్ గోల్డ్ ఒకసారి కొంటే మళ్ళీ రూపాయిగా మారదు, గెలిచినవాడికి డబ్బూ రాదు. ఆ గొడవ దీనికి లేదు.

పంటు గారూ, రెసిడెన్స్ సంగతి మీరన్నదే నిజం, ఒప్పుకుంటున్నాను. అసలు ప్రతిపాదన మీద మీ మాట చెప్పండి.

చెరువుగట్టు · రాత్రి 10.15

డబ్బు గురించే మాట్లాడుతున్నారు, నిద్ర గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మనలో ఐదుగురు రొయ్యల చెరువుల మీద ఉంటారు. తెల్లారుజాము మూడింటికి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళకి ఏరియేటర్ల దగ్గర ఎలాగూ మెలకువగా ఉండాలి. ఆ టైములో మనం చేసే దాడికి అవతలివాళ్ళు లేచి డిఫెన్స్ పెట్టలేరు. ఆ వేళకి దాడి వెయ్యడం గోల్డ్‌తో రాదు. అలాగని ఉద్యోగం చేసుకునేవాణ్ణి మూడింటికి లేవమనలేం కదా. వాడు 2 గోల్డ్ పెట్టుకుని ఆ లోటు పూడ్చుకుంటే నాకు తప్పు కనపడదు.

సిట్టర్లని (మనం లేనప్పుడు మన ఖాతా చూసేవాళ్ళని) పెట్టుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి. అనుమతుల పేజీలో గోల్డ్ వాడుకునే గడి దగ్గర టిక్ తీసెయ్యండి. ఇద్దరు సిట్టర్లకీ విడివిడిగా తియ్యాలి. రెండోది మర్చిపోవడం మామూలే.

శివారు_భూమి · రాత్రి 10.32

చెరువుగట్టు అన్నయ్యా, నిద్ర అమ్ముకున్నవాడు కష్టపడ్డాడు. దానికి నాకేం అభ్యంతరం లేదు. గోల్డ్ పెట్టినవాడు మిగతావాళ్ళ కష్టాన్ని కూడా తన ఖాతాలో వేసుకోవడం దగ్గరే నా బాధ.

పంటు_రేవు · రాత్రి 10.38

ఎవరి కష్టం ఎవరు వేసుకున్నారు? పేరు పెట్టి చెప్పండి. గత సర్వర్‌లో హ్యామర్ (దాడికి పెంచే పెద్ద సైన్యం) నాదొక్కడిదే. నన్నే అంటున్నారని అందరికీ తెలుసు.

శివారు_భూమి · రాత్రి 11.02

చెప్తాను, లెక్కతోనే చెప్తాను.

మీ హ్యామర్‌లో క్లబ్‌లు (దుడ్డుకర్ర సైనికులు) 30,000. తలకి 1 క్రాప్. ట్యూటానిక్ నైట్లు 5,000, ఒక్కోరికి 3. గోడలు పగలగొట్టే ర్యామ్‌లు 2,000, వాటికీ 3. కట్టడాలు కూల్చే క్యాటాలు 1,500, ఒక్కోటీ 6 తింటుంది. మొత్తం గంటకి 60,000. మీ రాజధాని పంట 20,000 పోను ఇంకో 40,000 బయట నుంచి రావాలి. ఇరవయ్యో స్థాయి గ్రానరీలో (గింజ గిడ్డంగిలో) పట్టేది 80,000. మీకు అలాంటివి మూడు. మూడూ నిండుగా ఉన్నా ఆరు గంటలు. ఆ తర్వాత సైన్యం ఆకలికి చావడం మొదలు.

ఇప్పుడు నా వైపు చూడండి. నేను గాల్ తెగ. బండికి 750 పడుతుంది. మార్కెట్ 20లో బళ్ళు 20. ఒక ట్రిప్పుకి 15,000. మీ ఊరికి మ్యాప్ మీద 36 గడులు, గంటకి 24 గడుల వేగంతో గంటన్నర, రానూపోనూ మూడు గంటలు. రోజుకి ఎనిమిది ట్రిప్పులు ఒక్కటీ తప్పకుండా వేస్తే 1,20,000. మీ హ్యామర్‌కి అది రెండు గంటల తిండి. ఆ రెండు గంటల కోసం నేను గ్రానరీ నిండే టైములకి అలారం పెట్టుకోవాలి, నా ఊళ్ళో సైన్యం పెంచకుండా ఆపుకోవాలి. అలా పంపినవాళ్ళం పదకొండు మందిమి. మీ ఎన్‌పీసీ పూడ్చింది పూడ్చింది, కాదనను. మిగతాదంతా మా గింజే.

ఆ హ్యామర్ చివరికి ఎక్కడికి వెళ్ళింది? అవతలి అలయన్స్ వండర్ (సర్వర్ గెలవడానికి కట్టే కట్టడం) మీదకి కాదు. మీ ఫార్మ్‌లు దోచుకున్న పక్క ఊరి ఒక్క ఆటగాడి మీదకి. సగం క్యాటాలు అక్కడే పోయాయి.

పూతరేకు_07 · రాత్రి 11.05

ఇదండీ అసలు సంగతి. రెసిడెన్స్ కాదు.

పంటు_రేవు · రాత్రి 11.30

అతని దగ్గర వండర్ ప్లాన్ ఉందని మన గూఢచారి చెప్పాడు. వండర్ 50వ స్థాయి దాటాలంటే అదే అలయన్స్‌లో ఇంకొకరి దగ్గర రెండో ప్లాన్ ఉండాలి. ఆ రెండోది తీసెయ్యడానికి వెళ్ళాను. కబురు తప్పయ్యింది. తప్పయ్యాక పగ కోసం వెళ్ళాడని మీరే కథ అల్లారు.

ముందే ఎందుకు చెప్పలేదంటారు. పన్నెండు మందికి చెప్పిన లక్ష్యం పన్నెండు గంటల్లో అవతలివాళ్ళ చాట్‌లో ఉంటుంది. క్యాటాలు మెల్లగా నడుస్తాయి, దారిలోనే ఏడెనిమిది గంటలు. ఆలోపు వాళ్ళు గోడ పెంచి డిఫెన్స్ నింపేస్తారు. నా చేతి నుంచి పెట్టిన డబ్బూ పోతుంది, మీ గింజా పోతుంది. అందుకే హ్యామర్ ఎవరిదైతే నిర్ణయం వాళ్ళది.

శివారు_భూమి · రాత్రి 11.41

హ్యామర్ ఎవరిది అనేదే నేను అడుగుతున్నాను. మన వైపు కౌలురైతు ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా కొలుస్తాడు. కొలిచేటప్పుడు కనీసం ఎన్ని బస్తాలో ముందు మాట్లాడుకుంటాడు. మీకు మేము అదీ లేకుండా కొలిచాం. గోల్డ్ మీద హద్దు పెట్టమని నేనెప్పుడూ అడగలేదు. మీరు ఇంకా వెయ్యి గోల్డ్ కొనుక్కోండి. గింజ మాది కలిసినప్పుడు మాటలో మా వంతు ఉండాలి.

పంటు_రేవు · రాత్రి 11.46

ఉంటే ఏం చేస్తావు? నచ్చకపోతే గింజ ఆపుతావు. ఆపిన ఆరు గంటలకి నా సైన్యం చస్తుంది. అది వంతు కాదు, మెడకి తాడు.

శివారు_భూమి · రాత్రి 11.49

పన్నెండు గంటల ముందు చెప్పి ఆపుతాను. ఆలోపు నువ్వు సైన్యాన్ని ముక్కలు చేసి వేరే ఊళ్ళకి రీఇన్‌ఫోర్స్‌మెంట్‌గా పంపుకోవచ్చు. ఎక్కడుంటే అక్కడి గ్రానరీ తింటుంది. ఒక్క తలా చావదు. అది నీకు తెలియదా?

చెరువుగట్టు · తెల్లారుజాము 3.10

ఇద్దరూ గారు నుంచి నువ్వులోకి దిగారు కాబట్టి కాసేపు ఆగండి తమ్ముళ్ళూ.

లక్ష్యం పన్నెండు మందికి చెప్పక్కర్లేదు. గింజ పంపేవాళ్ళలోంచి ఇద్దరిని ఎన్నుకుందాం. లక్ష్యం, బయలుదేరే గంట ఆ ఇద్దరికీ, హ్యామర్ మనిషికీ మాత్రమే తెలియాలి. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటే కదలాలి. హ్యామర్ మనిషి వారానికోసారి ర్యాలీ పాయింట్ స్క్రీన్‌షాట్ పెట్టాలి. ఎవరు ఎంత పంపారో నేను షీట్‌లో రాస్తాను. రాత్రిళ్ళు ఎలాగూ మెలకువే.

పంటు_రేవు · ఉదయం 6.55

ఇద్దరంటే ఒప్పుకుంటాను. ఒక షరతు. ఆ ఇద్దరూ కనీసం రెండు సర్వర్లు మనతో ఆడినవాళ్ళై ఉండాలి, వేరే ఎవరి సిట్టర్‌గానూ ఉండకూడదు. స్క్రీన్‌షాట్ మాత్రం పెట్టను. అది బయటికి పోతే నా సైన్యం లెక్క మొత్తం పోతుంది. ఆ ఇద్దరికీ విడిగా చూపిస్తాను.

శివారు_భూమి · ఉదయం 7.20

విడిగా చూపిస్తే చాలు. నేను మాత్రం ఆ ఇద్దరిలో ఉండను. నా పేరు వేస్తే మళ్ళీ ఇదే గొడవవుతుంది.

లాకుల_కాపరి · ఉదయం 7.34

గోల్డ్ హద్దు ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. కొత్తగా ఓటింగ్ పెడుతున్నాను, ఆ ఇద్దరు ఎవరనేదాని మీద. మార్కెట్ 20 దాకా కట్టి గింజ పంపుతామనేవాళ్ళు కింద తెగ పేరు రాయండి. గాల్ బండికి 750, గంటకి 24 గడులు. ట్యూటన్‌కి 1,000, కానీ 12 గడులే. రోమన్‌కి 500, 16 గడులు. హ్యామర్ ఊరికి 40 గడుల లోపు ఉన్నవాళ్ళు ట్యూటన్ తీసుకున్నా పర్వాలేదు. అంతకంటే దూరమైతే గాల్ తీసుకోండి, లేకపోతే ఒక్క ట్రిప్పుకే పూట గడిచిపోతుంది.