ఆర్గో ఫ్లోట్లతో సరిచేసిన ఉపగ్రహ ఉప్పు లెక్కను మళ్లీ ఆర్గోతోనే పోల్చి చూడొచ్చా?

ఎల్-బ్యాండ్ రేడియోమీటర్లతో (సముద్రం నుంచి సహజంగా వెలువడే మైక్రోవేవ్‌లను కొలిచే పరికరాలు) పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నేను స్మాస్, స్మాప్ ఉపగ్రహాల లవణీయత డేటా చూస్తున్నాను. వెచ్చటి నీళ్లలో లవణీయత ఒక యూనిట్ (కిలో నీటికి సుమారు ఒక గ్రాము ఉప్పు) మారినా బ్రైట్‌నెస్ టెంపరేచర్ (ఆ మైక్రోవేవ్‌ల బలాన్ని ఉష్ణోగ్రతగా చెప్పే కొలత) మారేది అర కెల్విన్ చుట్టుపక్కలే, చల్లటి నీళ్లలో అందులో సగం, అందుకే పరికరం కొంచెం డ్రిఫ్ట్ అయినా లెక్కంతా గల్లంతే. నాయిస్ డయోడ్ (పరికరం లోపల తెలిసిన సిగ్నల్ ఇచ్చే భాగం), ఖాళీ ఆకాశం వైపు తిప్పి చూడటం వరకు అర్థమైంది. కానీ ఆ తర్వాత మిగిలిన తేడాను నడి సముద్రంలో ముందే తెలిసిన లవణీయతతో పోల్చి తీసేస్తారు కదా, అది చాలావరకు ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో కిందికీ పైకీ కదులుతూ ఉప్పు, వేడి కొలిచే యంత్రాలు) నుంచి వచ్చిందే! మళ్లీ సరిచూడటానికీ ఆర్గోనే వాడితే మన పేపర్ మనమే దిద్దుకున్నట్టు కాదా? మూరింగ్ బోయిలు (ఒకేచోట లంగరు వేసినవి), ఓడల థర్మోసాలినోగ్రాఫ్‌లు (దారిలో నీటి ఉప్పు, వేడి కొలిచేవి) సరిపోతాయా?

ఇంకోటి, ఆర్గో లోతు నుంచి పైకి వస్తూ సాధారణంగా సుమారు 5 మీటర్ల లోతు వరకే నమ్మకంగా కొలుస్తుంది, అంతకంటే పైన కాదు, ఉపగ్రహం చూసేది పై సెంటీమీటరు పొర. గాలి లేనప్పుడు వాన పడితే పైన మంచినీటి పొర నిలిచిపోతుంది, అప్పుడు వచ్చే తేడా పరికరం తప్పు కాదు. అలాంటి పిక్సెళ్లు తీసేయడానికి అప్పటి వాన చూస్తే చాలా, లేక అంతకుముందు కొన్ని గంటల వాన కూడా చూడాలా? గాలి వేగానికి మీరు ఏ హద్దు పెడుతున్నారు?